మీకు తెలుసా? పెర్ఫ్యూమ్‌ల వీధిలో మన అరకు!

ఫ్యాషన్ సంస్థలు పెర్ఫ్యూమ్‌ను వాసన ఒక్కదాన్నే నమ్ముకుని అమ్మవు. సీసా, పేరు, కథ కూడా కావాలి. పారిస్ దుస్తుల రూపకర్త పాల్ ప్వారే 1911లోనే సొంత పరిమళాలు తెచ్చాడు. షనెల్ ‘నంబర్ 5’ 1921లో వచ్చింది.

ఇలాంటి పరిమళాల్లో కాఫీ వాసన కూడా ఉంది. ఈవ్ సాన్ లోరాన్ 2014లో తెచ్చిన ‘బ్లాక్ ఓపియం’ ప్రచారంలో ముందు నిలిపింది కాఫీ వాసననే.

2017లో అదే పారిస్‌లో, ఖరీదైన మారే ప్రాంతంలో, ‘అరకు కాఫీ’ దుకాణం తెరుచుకుంది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య మన గిరిజన రైతులు పెంచిన అరబికా గింజలవి. అందమైన పెట్టె, రుచుల వర్ణన, పండిన కొండ కథ: అమ్మకం తీరు అచ్చం పెర్ఫ్యూమ్‌లదే.

ఇక్కడ కథ కల్పన కాదు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. వేరే చోట పండిన గింజలను మన దేశంలో ఆ పేరుతో అమ్మడం చట్టవిరుద్ధం.