పానాకు లొంగే బండి

తల్లాడ దగ్గర మూడు దారులు కలుస్తాయి. ఒకటి వైరా మీదుగా ఖమ్మం పోతుంది. ఇంకొకటి కల్లూరు, సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి గోదావరి జిల్లాల్లోకి దిగుతుంది. మూడోది ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరి, అటునుంచి భద్రాచలం అడవుల వైపు సాగుతుంది. కంపెనీ షోరూములు, సర్వీస్ సెంటర్లు పెద్ద ఊళ్లు దాటి రాని కాలంలో ఈ దారుల మీద ఎక్కువగా కనబడిన కారు అంబాసిడర్. ఎక్కడ ఆగితే అక్కడే, రోడ్డు పక్క షెడ్డులోనో చింతచెట్టు కిందనో బాగుపడి మళ్లీ కదిలేది. ఈ ఘనతను మనవాళ్లు మెకానిక్ ఖాతాలో వేస్తారు. చదువు లేకపోయినా చేతిలో విద్య ఉందనీ, సామాను దొరక్కపోయినా ఏదో ఒకటి కట్టి నడిపించేవాడనీ అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అదే మెకానిక్ ముందు ఇవాళ్టి కారు పెడితే బానెట్ ఎత్తి, కాసేపు చూసి, దించేస్తాడు. చెయ్యి అదే, బండి వేరు. వేగం, బరువు ఎలా తయారీలోనే తేలిపోతాయో బాగుచేయడానికి లొంగే గుణం కూడా అలా తయారీలోనే తేలిపోతుందనీ, అంబాసిడర్‌కు ఆ గుణం ఇంగ్లండులో గీసిన డ్రాయింగుల నుంచే వచ్చిందనీ నా వాదన.

ఆ డ్రాయింగులు ఆక్స్‌ఫర్డ్ నగరం అంచున ఉన్న కౌలీ ఫ్యాక్టరీవి. అక్కడ 1956 నుంచి 1959 వరకు తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే మన అంబాసిడర్. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవులో పుట్టి, 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపాడాకు మారింది. మోరిస్ టెన్‌ను హిందుస్థాన్ టెన్ అని, రెండో సిరీస్ ఆక్స్‌ఫర్డ్‌ను ల్యాండ్‌మాస్టర్ అని అమ్మి, 1950ల చివర్లో అంబాసిడర్ దగ్గర ఆగింది. నిజంగానే ఆగింది. కౌలీ మూడేళ్లలో వదిలేసిన నమూనాను ఉత్తరపాడా 2014 మే దాకా పట్టుకుని కూర్చుంది. ముందు జాలీ, లైట్లు, డాష్‌బోర్డు మారాయి. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారాయి. గుండ్రటి కప్పు, ఉబ్బిన మడ్‌గార్డులు, ఎత్తు సీట్లు అలాగే ఉండిపోయాయి.

ఇంజన్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి, వాదన బరువంతా అక్కడే ఉంది. 1959 ప్రాంతంలో ఇందులోకి వచ్చిన 1,489 సీసీ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ కుటుంబానిది. ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును పరుగెత్తించిన ఇంజన్‌కు ఇది స్వయానా తోబుట్టువు. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుము. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసం 73 మిల్లీమీటర్లు, పిస్టన్ ఎక్కిదిగే దూరం దాదాపు 89. సుమారు 50 హార్స్‌పవర్ దగ్గర ఆగే నిదాన యంత్రం. ఏ ఇంజన్‌లోనైనా సిలిండర్ గోడ అరగక తప్పదు. అరిగితే రింగుల సందుల్లోంచి ఆయిల్ పైకెక్కి మండుతుంది, సైలెన్సర్ నీలం పొగ కక్కుతుంది, బండి ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. బి సిరీస్ గీసినవాళ్లు ఈ రోజు వస్తుందని ముందే లెక్క వేసుకుని గోడను మందంగా వదిలారు. అరిగిన గోడను లేతు షాపులో పది థౌ పెద్దదిగా తొలిస్తే, ఆ కొలతకు సరిపోయే పిస్టన్, రింగులు బజార్లో సిద్ధంగా ఉంటాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మళ్లీ అరిగితే ఇరవై, ఆపైన ముప్పై, నలభై. నలభై థౌ కలిపితే సుమారు ఒక మిల్లీమీటరు. అదీ అయిపోతే సిలిండర్లలో స్లీవులు దిగ్గొట్టి మొదటి కొలతకు తెచ్చుకోవచ్చు. క్రాంక్ షాఫ్ట్‌దీ ఇదే దారి, కాకపోతే దాన్ని సన్నగా సాన పట్టి, ఆ మేరకు మందం పెరిగిన బేరింగులు వేస్తారు. ఖమ్మంలో ఒక బోరింగ్ మిషన్, సామానుకు విజయవాడ ఆటోనగర్ ఉంటే చాలు, ఈ ఇంజన్‌కు అరుగుదల చావు కాదు, ఒక మజిలీ.

ఇంకా దగ్గరికి వెళ్లి డిస్ట్రిబ్యూటర్ మూత తీద్దాం. దాన్ని పట్టి ఉంచేవి రెండు క్లిప్పులు. లోపల నాలుగు పలకల ఇరుసు తిరుగుతూ పాయింట్లను తెరుస్తుంది. తెరుచుకున్న ప్రతిసారీ కాయిల్‌లో కరెంటు తెగి, ఆ తెగిన దెబ్బకు వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో నిప్పురవ్వ ఎగురుతుంది. పాయింట్లు నల్లబడితే, గుంటలు పడితే, వాటి మధ్య సందు పదిహేను థౌ దగ్గర లేకపోతే నిప్పురవ్వ బలహీనపడి బండి తన్నుతుంది. లోపం కంటికి కనబడుతోంది, వేలికి తగులుతోంది. ఎమెరీ కాగితంతో రుద్ది, స్క్రూ వదులు చేసి, ఫీలర్ గేజి పెట్టి బిగిస్తే పని అయిపోయింది. టాపెట్లు కూడా ఇంతే. ఎనిమిది వాల్వులు, ఒక్కొక్కదానికి ఒక స్క్రూ, ఒక నట్టు. ఏ వాల్వు సెట్ చేయాలంటే ఏది పూర్తిగా తెరుచుకుని ఉండాలో చెప్పడానికి ఒక చిన్న లెక్క ఉంది, రెండు నంబర్లూ కలిపితే తొమ్మిది రావాలి. ఎనిమిదో వాల్వు నొక్కి ఉంటే ఒకటోది, ఏడోది నొక్కి ఉంటే రెండోది. పుస్తకం అక్కర్లేని, షెడ్డులో పిల్లాడికి ఒక్క పూటలో పట్టుబడే విద్య ఇది. ముందు చక్రాల కింద చుట్టల స్ప్రింగులకు బదులు నేల పక్కగా వెనక్కి సాగే పొడవాటి ఉక్కు కడ్డీలుంటాయి. అవి మెలిపడి బరువు మోస్తాయి. ఏళ్లు గడిచి ముందు భాగం కుంగితే కొత్త కడ్డీ కొనక్కర్లేదు, దాని వెనుక కొసను కొంచెం జరిపి బిగిస్తే బండి మళ్లీ ముక్కు ఎత్తుతుంది. వెనుక కమాను పట్టీలైతే లారీలకు చేసే ప్రతి కమ్మరి కొలిమికీ తెలిసినవే.

ఇంగ్లండులో ఈ గుణాన్ని వాడుకున్న తీరు వేరు. అక్కడ గ్యారేజీ కూలి మోయలేని ఉద్యోగులు, కార్మికులు సెలవు రోజున ఇంటి ముందే బండి విప్పుకునేవారు. 1960 నుంచి పదేళ్లు దాటిన కార్లకు ఏటా పరీక్ష తప్పనిసరి కావడంతో ఆ అవసరం ఇంకా పెరిగింది. జాన్ హేన్స్ 1966లో మొదలుపెట్టిన వర్క్‌షాప్ పుస్తకాలు ఈ అలవాటు మీదే బతికాయి. ఒక కారును పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి, అడుగడుగునా ఫోటోలు తీసి అచ్చు వేయడం ఆయన పద్ధతి. అక్కడ యజమాని పుస్తకం చూసి నేర్చాడు. ఇక్కడ డ్రైవరూ క్లీనరూ షెడ్డు పిల్లాడూ ఒకరి చెయ్యి చూసి ఒకరు నేర్చారు. భాష వేరు, చదువు వేరు, రోడ్లు వేరు, ఎండ వేరు. అయినా అదే ఇంజన్ రెండుచోట్లా మామూలు మనుషుల చేతుల్లో బాగుపడింది. మెకానిక్ గొప్పతనం ఒక్కటే కారణమైతే ఇలా జరగడం కష్టం. 1990ల మొదట్లో అంబాసిడర్‌ను ఫుల్‌బోర్ పేరుతో ఇంగ్లండులో అమ్మే ప్రయత్నం కూడా జరిగింది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలా కొన్నాళ్లుండి వెనక్కి వచ్చేసింది, అంతే.

మాటిమాటికీ చెడిపోయే బండికి బాగుపడటం ఒక గొప్పా, అసలు చెడిపోని బండి మేలు కదా అని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మే నెలలో ఖమ్మం ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజన్ ఆగిపోవడం, పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చోవడం ఎవరికీ ముచ్చట కాదు. ఇవాళ్టి ఇంజన్లు పాయింట్లే లేకుండా లక్ష కిలోమీటర్లు నడుస్తాయి, అది నిస్సందేహంగా ప్రగతి. కానీ ఎంత తరచుగా చెడుతుందన్నది ఒక కొలత, చెడినప్పుడు ఎవరు, ఎక్కడ, ఎంతలో బాగుచేయగలరన్నది ఇంకో కొలత. మొదటిదాంట్లో నెగ్గిన యంత్రం రెండోదాంట్లో ఓడిపోవచ్చు. అసలు చెడని కారు చూడాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. నిజాం కోసం ఇంగ్లండు నుంచి తెప్పించిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది, అక్కడ నిలబడి ఉంది. సింహాసనం లాంటి సీటుతో ఊరేగింపుల కోసం చేయించిన ఆ కారు నూరేళ్లలో కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదు. అరుగుదల లేకపోవడానికి పక్కా దారి వాడకపోవడమే. రోజూ ఎనిమిదిమందిని ఎక్కించుకుని కొత్తగూడెం పోయే బండికి ఆ దారి పనికిరాదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అంబాసిడర్ బతికింది గుణం వల్ల కాదు, లైసెన్సుల వల్ల అంటారు. 1953 టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత ఇక్కడే తయారు చేసే ప్రణాళిక లేని ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. మిగిలినవి ప్రధానంగా మూడు కార్లు, కొనాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూపు. నిజమే. అయితే ఆ మూడింటిలో ఒకటైన స్టాండర్డ్ హెరాల్డ్‌ను అంబాసిడర్ పక్కన పెట్టి చూడండి. అదీ బ్రిటిష్ కారే, ట్రయంఫ్ హెరాల్డ్, 1961 నుంచి మద్రాసులో తయారైంది. అవే లైసెన్సులు, అదే కొరత. పైగా దాని ముందు భాగమంతా ఒక్క రెక్కలా ముందుకు వాలుతుంది, టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. కానీ వెనుక చక్రాలు దేనికది ఊగే దాని యాక్సిల్ అమరిక మన షెడ్లకు కొత్త. అదే కంపెనీ 1972లో తెచ్చిన గెజెల్‌లో దాన్ని వదిలేసి మామూలు యాక్సిల్ పెట్టింది. ఆ దశాబ్దంలోనే ఉత్పత్తి ఆగిపోయింది, సామాను కరువైంది, హెరాల్డ్‌లు తుప్పు పట్టాయి. దీన్నిబట్టి నేను తేల్చుకున్నది ఇది: లైసెన్సు వల్ల అంబాసిడర్ అమ్ముడుపోయింది, నడిచింది మాత్రం దాని నిర్మాణం వల్ల. ఆ నిర్మాణానికి దశాబ్దాల పాటు మారని విడిభాగాలు తోడు కావాల్సి వచ్చింది, ఆ తోడు లైసెన్సు రాజ్యం తెలియకుండా చేసిన మేలు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కొనేవాళ్లు అటు తిరిగారు, టాక్సీవాళ్లు చాలాకాలం తిరగలేదు. లెక్క చూసుకునేవాళ్లు వాళ్లే.

ఈ గుణానికి హద్దులూ ఉన్నాయి. అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. నల్లరేగడి బురద పట్టి అడుగు రేకు తుప్పు తింటే టింకరింగ్‌లో గ్యాస్ వెల్డింగ్‌తో అతుకు వేసి లప్పం పూస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది, గుద్దుకున్న రోజు దాని బలమెంతో తెలుస్తుంది. పాత డ్రమ్ము బ్రేకులు తడిస్తే సరిగా పట్టవు. పొగ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2000 ఫిబ్రవరిలో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడు పాత ఇనుప హెడ్లలో వాల్వు కూర్చునే చోటు త్వరగా అరిగే ముప్పు వచ్చింది. గట్టి ఉక్కు రింగులు దిగ్గొట్టి లేతు షాపులు దాన్ని దాటించాయి. 2010లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో అమలైన భారత్ స్టేజ్ 4ను దాటించడం ఏ లేతు వల్లా కాలేదు. గాలి, ఇంధనం నిష్పత్తిని క్షణక్షణం దిద్దే సెన్సార్లు, కంప్యూటరు లేకుండా అంత శుభ్రమైన పొగ రాదు, ఇది ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకోనక్కర్లేనిది ఒకటుంది. ఆ కంప్యూటరుకు తాళం వేసి తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంచుకోవడానికి పొగతో సంబంధం లేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని చట్టం చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు కోసం కమిటీ వేసినప్పుడు తీసుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. ఆ హక్కు కాగితం దాటి తల్లాడ షెడ్డు దాకా రావాలంటే తప్పు ఎక్కడుందో చదివే పరికరం, దాని కోడ్‌ల అర్థం, విడిభాగాల ధరల పట్టీ, మూడూ బజార్లో దొరకాలి.

మిగిలిన పాత బండ్ల విషయంలోనూ ఒక సవరణ అవసరం. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా వీఏ వరుసలో రిజిస్టర్ చేయించుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. షరతు ఏమిటంటే బాడీలో, ఛాసిస్‌లో, ఇంజన్‌లో మార్పు ఉండకూడదు. షెడ్డులో ఉండి నడవని బండికి ఈ షరతు సులువు. పెట్రోలు ఖర్చు మోయలేక మెటడోర్ డీజిల్ ఇంజన్ వేయించుకుని టాక్సీగా బతికిన అంబాసిడర్ మాత్రం ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువ పనిచేసిన బండికి తక్కువ గౌరవం ఇచ్చే నిబంధన ఇది. అప్పటి అవసరానికి మార్చిన ఇంజన్‌ను, మార్చినట్టు ఆధారం చూపిస్తే, అంగీకరించేలా రవాణా శాఖ దీన్ని దిద్దాలి.