పరుగుకు ఏ బూట్లు?

1960వ సంవత్సరం సెప్టెంబరు 10వ తేదీన రోము నగరంలో ఒలింపిక్ మారథాన్ పందెం జరిగింది. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. ఎండబాధ లేకుండా ఉండాలని పందాన్ని సాయంత్రం మొదలుపెట్టారు. పరుగు పూర్తికాకుండానే చీకటి పడింది. దారి పొడుగునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. ఆ వెలుగులో బక్కపలచని మనిషి ఒకడు అందరికన్న ముందు వచ్చి పందెం గెలిచాడు. జనం అతని పాదాలకేసి చూసి నివ్వెరపోయారు. కాళ్ళకు బూట్లు లేవు!

అతని పేరు అబెబె బికిలా. ఇథియోపియా చక్రవర్తి అంగరక్షక దళంలో సిపాయి. 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లలో పరుగు పూర్తిచేశాడు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ మారథాన్ అంత త్వరగా పరుగెత్తలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా బడి పిల్లలు, "అయితే మాస్టారూ, బూట్లు దండగే గదా!" అనేవాళ్ళు. తొందరపడకండి, కథ ఇంకా ఉన్నది. ఉత్త కాళ్ళతో పరుగెత్తడం బికిలాకు బాగా అలవాటు. రోములో దొరికిన కొత్త బూట్లు అతని పాదాలకు సరిగా అమరలేదు. అందుకని వాటిని పక్కన పెట్టేశాడు. నాలుగేళ్ళ తరవాత, 1964లో టోకియోలో అదే బికిలా బూట్లు తొడుక్కుని పరుగెత్తాడు. మళ్ళీ గెలిచాడు. ఈసారి పట్టిన కాలం 2 గంటల 12 నిమిషాల 11 సెకండ్లు! కనుక బికిలాను సాక్ష్యానికి పిలిస్తే రెండు పక్షాలవైపూ మాట్లాడతాడు.

ఇంతకూ బూటు చేసే పని ఏమిటి? నడిచేటప్పుడు మన కాళ్ళలో ఒకటి ఎప్పుడూ నేలమీదనే ఉంటుంది. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ కొద్దిసేపు రెండు కాళ్ళూ గాలిలో ఉంటాయి. తరవాత బరువంతా ఒక కాలి మీద పడుతుంది. అప్పుడు నేల కాలిని మన బరువుకు రెండింతలు, మూడింతల బలంతో నెడుతుంది. 40 కిలోల పిల్లవాడి కాలిమీద 80 కిలోలో, 120 కిలోలో పెట్టినట్టన్నమాట! అడుగు ఒక మీటరు అనుకుంటే 5 కిలోమీటర్లకు ఎన్ని అడుగులో మీరే లెక్కకట్టండి. ఈ తాకిడి ఒక్కసారిగా తగలకుండా బూటు అడుగున స్పాంజివంటి పొర పెడతారు. అందులో కంటికి కనబడని గాలి బుడగలు లక్షలకొద్దీ ఉంటాయి. అవి అణిగి, మళ్ళీ ఉబ్బుతాయి. కొన్ని వందల కిలోమీటర్లు పరుగెత్తాక ఉబ్బే శక్తి తగ్గుతుంది. పైన తోలూ గుడ్డా కొత్తగానే ఉన్నా, లోపల పొర చచ్చిపోయి ఉంటుంది. 500 నుంచి 800 కిలోమీటర్లదాకా ఒక జత పనికివస్తుందని సాధారణంగా చెబుతారు.

ఇప్పుడు కొనే సంగతి. ఇది తల్లిదండ్రులు కూడా చదవాలి. మన ఇళ్ళలో ఒక ఆచారం ఉన్నది: "పెరిగే కాలు గదా" అని రెండు సైజులు పెద్దవి కొని, ముందు భాగంలో దూది కుక్కి పంపిస్తారు. పెళ్ళికి వెళ్ళి రావడానికైతే ఫరవాలేదు. పరుగెత్తే పిల్లవాడికి మాత్రం అది కీడే చేస్తుంది. వదులు బూటులో పాదం ముందుకూ వెనక్కూ జారి బొబ్బలు లేస్తాయి, వేళ్ళు బూటును పట్టుకోవడానికి ముడుచుకుంటాయి. బిగుతైతే గోళ్ళు కమిలి నల్లబడతాయి. నిలబడినప్పుడు పొడుగాటి వేలికీ బూటు కొనకూ మధ్య బొటనవేలి వెడల్పు చోటుంటే చాలు. మడమ దగ్గర మాత్రం జారకూడదు.

దుకాణానికి సాయంత్రం పూట వెళ్ళండి. పగలంతా తిరిగిన పాదం పొద్దుటికన్న కొంచెం ఉబ్బి ఉంటుంది. పరుగులో కూడా అంతే. పరుగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్ళే వేసుకుని, రెండు కాళ్ళకూ తొడిగి చూడండి. చాలామందికి రెండు పాదాలూ సమానంగా ఉండవు. పెద్ద పాదానికి సరిపోయే సైజే కొనాలి. తొడుక్కుని దుకాణంలోనే నాలుగు అడుగులు పరుగెత్తండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

తడి కాలితో గచ్చుమీద ముద్ర వేసి, ఆ ముద్రను బట్టి బూటు ఎంచాలని కొందరు చెబుతారు. ముద్ర వేసి చూడడం సరదాగానే ఉంటుంది. కాని అమెరికాలో వేలమంది సైనిక శిక్షణార్థులకు అరికాలి వంపును బట్టి బూట్లు ఇచ్చి చూస్తే, అందరికీ ఒకే రకం ఇచ్చినదానికన్న గాయాలేమీ తగ్గలేదు. కాలికి హాయిగా ఉన్న బూటే నమ్మదగినది. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన హాయి ఎక్కువ కాదు.

రోజూ అభ్యాసం చేసే పిల్లలకు మరొక సంగతి. వీలైతే రెండు జతలు పెట్టుకుని, ఒకనాడు ఒకటి, మరునాడు రెండోది వాడడం మంచిది. చెమటకూ వర్షానికీ తడిసిన జత ఒక రాత్రిలో ఆరదు. తడి బూటులో బొబ్బలు త్వరగా లేస్తాయి, బూజు పడుతుంది. ఇంకో కారణం కూడా ఉన్నది. కావడి మోసేవాడు భుజం మార్చుకోవడం చూశారా? బరువు అంతే, కాని ఒకే చోట ఎప్పుడూ పడదు. ఒక్కొక్క రకం బూటు కాలిమీద భారాన్ని కొంచెం వేరువేరుగా పంచుతుంది. లక్సెంబర్గు దేశంలో 264 మంది పెద్దవాళ్ళ పరుగును 22 వారాలపాటు గమనించారు. ఒకే జత వాడినవారికన్న, జతలు మార్చి మార్చి వాడినవారికి గాయాల ప్రమాదం 39 శాతం తక్కువగా కనబడింది. అయితే ఎవరు ఎన్ని జతలు వాడాలో పరిశోధకులు నిర్ణయించలేదు, ఎవరిష్టం వారిదే. కనుక ఘనతంతా బూట్లదే అని తేల్చిచెప్పలేము.

వారానికి రెండు మూడు రోజులు పరుగెత్తే పిల్లవాడికి ఒక జత చాలు. అది అరగకముందే వాడి కాలు పెరుగుతుంది! రెండు జతలకు డబ్బు పెట్టేకన్న, రెండు మూడు నెలలకొకసారి బొటనవేలి చోటు ఉన్నదో లేదో చూడడం మేలు.

ఎనిమిది మొదలు పద్నాలుగేళ్ళలోపు పిల్లలు పరుగు తరవాత మడమ నొప్పి అంటే "బద్ధకం" అని కొట్టివేయకండి. ఆ వయసులో మడమ ఎముక వెనకభాగం ఇంకా పెరుగుతూ, మెత్తగా ఉంటుంది. పిక్కనుంచి వచ్చే గట్టి స్నాయువు సరిగ్గా అక్కడే లాగుతుంది. పరుగు తగ్గించి, డాక్టరుకు చూపించండి. అరిగిన పలచని బూట్లు ఆ నొప్పిని ఎక్కువ చేస్తాయి.

ఇక పందెం బూట్లు. ఇవి తేలికగా ఉంటాయి. ఒక్కొక్క బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే, పరుగెత్తడానికి సుమారు నూటికి ఒకటవ వంతు శక్తి అదనంగా ఖర్చవుతుంది. పొట్టి పరుగులకు ముందు భాగాన ముళ్ళుండే స్పైకు బూట్లు వాడతారు. నిబంధన ప్రకారం ఒక బూటుకు 11 ముళ్ళకు మించకూడదు. వీటికి మడమ కింద మెత్త తక్కువ గనక పిక్క మీద భారం పడుతుంది. మొదట వారానికొకసారి, కొద్దిసేపు మాత్రమే వాడాలి. మీ పోటీలో ముళ్ళ బూట్లు వేసుకోనిస్తారో లేదో ముందుగా వ్యాయామ ఉపాధ్యాయుల్ని అడగండి.

లోపల కార్బన్ పలక ఉన్న ఖరీదైన బూట్ల సంగతి కూడా మీరు వినే ఉంటారు. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా దేశస్థుడు ఎలియుడ్ కిప్చోగే అటువంటివి తొడుక్కుని మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకండ్లలో పరుగెత్తాడు. దాన్ని రికార్డుగా లెక్కించలేదు. అతనికి దారి పొడుగునా వంతులవారీగా తోటి పరుగువాళ్ళు గాలి అడ్డుకున్నారు. ఆ తరవాత రోడ్డు పందాలకు బూటు అడుగు 40 మిల్లీమీటర్లకన్న మందం ఉండకూడదనీ, పలక ఒక్కటే ఉండాలనీ నిబంధన పెట్టారు. బడిపిల్లలకు ఆ ఖర్చు అక్కరలేదని నా అభిప్రాయం.

పందెంనాడు మాత్రం కొత్త బూటు తొడగవద్దు. కనీసం నాలుగైదుసార్లు అభ్యాసంలో వాడిన జతే వేసుకోండి. లేసు రెండు ముళ్ళు వేసి, కొసలు లోపలికి దోపండి. తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి, నీడలో ఆరబెట్టండి. ఎండలోనో, పొయ్యి పక్కనో పెడితే జిగురు ఊడుతుంది. ఇరుకైన బూట్లు తమ్ముడికి ఇచ్చేముందు బల్లమీద పెట్టి వెనకనుంచి చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉంటే అవి తోటపనికి తప్ప పరుగుకు పనికిరావు.