ఫ్రెంచివారి దృష్టిలో అమెరికనులు

ఒక జాతి మరియొక జాతిని గూర్చి తలచునది ఎల్లకాలము నొక్కతీరున నుండదు. ఫ్రెంచివారు ఒకనాడు అమెరికనులను పూలతో నెదుర్కొనిరి; మరియొకనాడు ముఖము త్రిప్పుకొనిరి. ఇందులకు కారణమేమో విచారింతము.

మొదట ఋణపడినవారు అమెరికనులే. 1776 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ సహాయ మర్థించుచు ఫ్రాన్సు చేరెను. బొచ్చుటోపీ ధరించిన ఆ నిరాడంబరుని జూచి పారిస్ పౌరులు ముగ్ధులైరి. 1778లో ఉభయదేశములకును సంధి కుదిరెను. బ్రిటనుపై పగ దీర్చుకొను కోరికయు నందు లేకపోలేదు. లఫాయెత్ వంటి యువకులు అంతకు ముందే స్వచ్ఛందముగ సముద్రము దాటి అమెరికా పక్షమున పోరాడిరి. 1781లో యార్క్‌టౌన్‌కడ బ్రిటిషు సేన లొంగిపోవుటకు ఫ్రెంచి సైనికులును, నౌకాదళమును ముఖ్యకారణములు.

20వ శతాబ్దమున ఈ వరుస తలక్రిందయ్యెను. 1917లో అమెరికను సైన్యము ఫ్రాన్సునకు తోడ్పడవచ్చెను. జూలై 4వ తేదీన అందలి సేనాధికారి యొకడు పారిస్‌లోని లఫాయెత్ సమాధికడ నిలిచి, ఇదిగో వచ్చితిమని పలికెను. పాత ఋణము తీరెనని తోచెను. కాని యుద్ధకాలపు అప్పును అమెరికా తిరిగి యడిగినపుడు ఫ్రెంచివారి మనసు విరిగెను. నెత్తురు ధారవోసినవారితో రొక్కపు లెక్కలేలయని వారికి తోచెను. 1932 డిసెంబరులో వాయిదా చెల్లింపవలెనన్న ఎరియో ప్రభుత్వమును పార్లమెంటు పడగొట్టెను.

1944లో నార్మండీ తీరమున దిగిన అమెరికనులు మరల విమోచకులైరి. పిదప మార్షల్ ప్రణాళిక ధనము వచ్చెను, కోకాకోలాయు వచ్చెను. ద్రాక్షాసవమునకు పేరొందిన ఆ దేశమున 1950లో ఈ పానీయమును గూర్చి పార్లమెంటులోనే వాదము చెలరేగెను. 1966లో దెగోల్ నాటో సంయుక్త సైనికవ్యవస్థనుండి ఫ్రాన్సును తొలగించెను. మరుసటి యేట అమెరికను సేనలు దేశమును వీడెను. ఫ్రాన్సు తిరిగి యందు చేరినది 2009లో.

2001 సెప్టెంబరులో న్యూయార్కుపై దాడి జరిగినపుడు, మనమందరము అమెరికనులమేయని ‘లె మోంద్’ పత్రిక సంపాదకీయము ప్రకటించెను. రెండేండ్లు నిండకమునుపే, 2003లో, ఇరాకుపై యుద్ధమును ఫ్రాన్సు భద్రతామండలిలో నెదిరించెను.

ఇది చపలచిత్తమా? కాదని మా యభిప్రాయము. ఆపదవేళ ప్రక్కన నిలిచిన అమెరికనును ఫ్రెంచివారు మరువలేదు. పెత్తనము నెరపవచ్చిన అమెరికాను అంగీకరింపలేదు. నార్మండీలోని కొల్‌విల్‌కడ 9,000కు పైబడిన అమెరికను సమాధులు కలవు. ఆ భూమిని ఫ్రాన్సు అమెరికాకు శాశ్వతోపయోగమునకై యిచ్చినది. 1966లో సేనలను పొమ్మన్న దేశమే ఆ సమాధులను మాత్రము భద్రముగ నుండనిచ్చెను. కృతజ్ఞత వేరు, విధేయత వేరు. మేలు చేసినవాడు ఈ భేదము నెరిగిననాడే స్నేహము నిలుచును.