అప్పీలు అననేమి?

అపొస్తలుల కార్యములను చదివిన మన బాలబాలికలకు, పౌలు కైసరయలో ఫేస్తు నెదుట నిలువబడి తన వ్యాజ్యెమును కైసరే విచారింపవలెనని కోరిన సంగతి తెలిసియే యుండును. తనకు సమీపముననున్న యధికారి న్యాయము చేయనిచో అంతకు పైవాడు వినునను నమ్మకమే ఆ కోరికకు మూలము. నేటి న్యాయశాస్త్రము ఆ నమ్మకమునకొక క్రమమును, గడువును, హద్దును ఏర్పఱచినది. పౌలు తీర్పు వెలువడకమునుపే పైకి పోగోరెను. నేడు సివిలు వ్యాజ్యెములలో సాధారణముగా తీర్పు వచ్చిన పిమ్మటనే అప్పీలునకు తావు గలదు.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందు గట్టు తగవులు, అన్నదమ్ముల పాళ్ల తగవులు, సేకరింపబడిన భూముల పరిహారపు తగవులు క్రొత్తవి కావు. ఇట్టి తగవులలో చిక్కినవారు పెక్కుమంది “ఇక్కడ ఓడినను చింతలేదు, పై కోర్టులో మరల మొదటినుండి చెప్పుకొందము” అని తలంతురు. ఈ తలంపు వలననే కొందఱు చేజేతుల హక్కును పోగొట్టుకొనుచున్నారు. అప్పీలనగా క్రొత్త విచారణ కాదు. జరిగిన విచారణలో తప్పు గలదాయని పరీక్షించుట. ఈ భేదమునే మేమిచట వివరింపగోరుచున్నాము.

ఒక రైతు తన పొలములో కొంతభాగమును పొరుగువాడు ఆక్రమించెనని జూనియరు సివిలు జడ్జి కోర్టున దావా వేసి యోడెననుకొందము. అతడు జిల్లా కోర్టునకు అప్పీలు చేసికొనవచ్చును. గడువు 30 దినములు. దావా విలువ ఎక్కువదై, అప్పీలు నేరుగ హైకోర్టునకు పోవలసినదైనచో గడువు 90 దినములు. తీర్పు నకలు కొఱకు దరఖాస్తు పెట్టినది మొదలు నకలు సిద్ధమగువరకు పట్టిన కాలమును ఈ లెక్కలో చేర్చరు. గడువు దాటినవారు తగిన కారణమును చూపినచో 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము 5వ సెక్షను క్రింద కోర్టు ఆలస్యమును మన్నింపవచ్చును. మన్నించి తీరవలెనని నియమము లేదు.

మొదటి అప్పీలున న్యాయాధిపతి సాక్ష్యమును, చట్టమును రెండింటిని పరిశీలించును. క్రింది తీర్పును స్థిరపఱచవచ్చును, మార్చవచ్చును, కొట్టివేయవచ్చును, లేదా మరల విచారింపుమని క్రింది కోర్టునకు పంపవచ్చును. అయినను అతని యెదుట నుండునది క్రింది కోర్టున వ్రాయబడిన సాక్ష్యము, దాఖలైన దస్తావేజులు మాత్రమే. నాడు దాచియుంచిన పత్రమును నేడు తెచ్చి చూపుదుమన్నచో సామాన్యముగా అంగీకరింపబడదు. క్రింది కోర్టు అన్యాయముగా నిరాకరించిన సాక్ష్యము, ఎంత శ్రద్ధ వహించినను అప్పటికి దొరకని సాక్ష్యము మొదలగు కొలది సందర్భములకే మినహాయింపు గలదు.

మఱియొక సంగతి. అప్పీలు వేసినంతమాత్రమున డిక్రీ అమలు ఆగదు. అమలును నిలుపుమని వేఱుగ కోరి ఉత్తరువు పొందవలెను. ఇది తెలియక, అప్పీలున్నదికదాయని నిశ్చింతగా కూర్చున్నవారి యింటికి అమలు చేయు అమీను వచ్చుట కద్దు.

జిల్లా కోర్టులోను ఓడినవారికి హైకోర్టున రెండవ అప్పీలు గలదు. కాని సివిలు ప్రొసీజరు కోడు 100వ సెక్షను 1976లో సవరింపబడిన పిదప, ముఖ్యమైన న్యాయప్రశ్న యున్నచోటనే ఇది వినబడును. గట్టు ఎచటనుండెను, రశీదు నిజమా కాదా అను సంగతులు సాధారణముగా అచట మరల చర్చకు రావు. 2019 జనవరి 1 నుండి తెలంగాణమునకు ప్రత్యేక హైకోర్టు హైదరాబాదున నడచుచున్నది. ఆపైన ఢిల్లీలోని సుప్రీంకోర్టు. అచటికి రాజ్యాంగము 133వ అధికరణము ననుసరించి హైకోర్టు యోగ్యతాపత్రముతో పోవచ్చును. లేదా 136వ అధికరణము క్రింద ప్రత్యేకానుమతి వేడవచ్చును. ఈ యనుమతి కోర్టు వివేచనకు లోబడినదే గాని కక్షిదారుని హక్కు కాదు.

అమెరికాలో సంయుక్త ప్రభుత్వపు కోర్టులు వేఱు, రాష్ట్రముల కోర్టులు వేఱు. అచటి 94 ఫెడరలు జిల్లా కోర్టుల తీర్పులపై 13 అప్పీలు కోర్టులు విచారించును, వానిపైన సుప్రీంకోర్టు. మన దేశమున రాష్ట్రములున్నను కోర్టుల నిచ్చెన ఒక్కటియే. రెండు దేశములందును సూత్ర మొక్కటి: మెట్టు ఎక్కినకొలది సంగతులకు చోటు తగ్గును, చట్టమునకు చోటు పెరుగును.

ఇందుకు మన ప్రాంతమే సాక్ష్యము. పటాన్‌చెరు, బొల్లారము కర్మాగారముల మురికినీరు నక్కవాగులో చేరి పొలములను, పశువులను చెఱచుచున్నదని 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అను సంస్థ సుప్రీంకోర్టునే ఆశ్రయించినది. అది అప్పీలు కాదు, రిట్ దరఖాస్తు. అయినను ఎవరి పంట యెంత పోయెనో, ఎవరి పశువు చచ్చెనో ఢిల్లీలో కూర్చున్నవారికి తెలియునా? అందుచేత దేశపు అత్యున్నత న్యాయస్థానము విచారించి నివేదింపుమని సంగారెడ్డిలోని జిల్లా జడ్జినే యాజ్ఞాపించినది. ఆ నివేదిక యాధారముననే రైతులకు పరిహారము నిర్ణయింపబడెను. తరువాత ఆ వ్యాజ్యెము 2001లో హైకోర్టునకు, 2013లో జాతీయ హరిత ట్రైబ్యునలు చెన్నై పీఠమునకు బదిలీయై 2017లో తీర్పు పొందినది. ఇరువదియేడేండ్లు! ఇంతకాలము నిలిచినది వాదముల చాతుర్యము గాదు. ఊరిలో వ్రాసి పెట్టిన లెక్కలు, నీటి పరీక్షలు, పొలముల జాబితాలు.

భూమి పోగొట్టుకొన్నవారు వేఱు గడువులను గుర్తుంచుకొనవలెను. 2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము ప్రకారము, పరిహారము చాలదనుకొన్నవారు కలెక్టరు అవార్డు ప్రకటించునపుడు హాజరై యున్నచో ఆరు వారములలో రిఫరెన్సు కోరవలెను. ఆ రిఫరెన్సుపై వచ్చిన నిర్ణయమునకు హైకోర్టున అప్పీలు గడువు 60 దినములు; తగిన కారణమున్నచో మఱి 60 దినములు మాత్రమే పొడిగింపబడును.

డబ్బులేనివారికి దారి లేదనుకొనరాదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, కర్మాగార కార్మికులు ఉచిత న్యాయసహాయమునకర్హులు. అప్పీలునకును ఇది వర్తించును. సంగారెడ్డి కోర్టులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగిన వివరములు తెలియును.

విద్యార్థులారా, మీ యింట తలిదండ్రులకు చదువు రాకపోవచ్చును. తీర్పు నకలుపైని తేదీని చదివి, దినములు లెక్కించి చెప్పుట మీ చేతనగును. పాసుపుస్తకము, శిస్తు రశీదు, నోటీసు వచ్చిన కవరు ఒకచోట భద్రపఱచుటయు మీ చేతనగును. పై కోర్టు ఎంత పెద్దదైనను, క్రింద మనము చూపనిదానిని అది చూడజాలదు.