‘మాది కాదు’ అనే వెసులుబాటు

మరో దేశపు గెరిల్లాలకు తుపాకులు పంపదలచిన ప్రభుత్వానికి తుపాకీ ఎంత దూరం పేలుతుందన్నది రెండో ప్రశ్న. దాని మీద ఏ దేశపు ముద్ర ఉందన్నది మొదటి ప్రశ్న.

సరుకు పట్టుబడినా ‘మాది కాదు’ అనగలగాలి. దీన్ని నిరాకరణ వెసులుబాటు అందాం. మామూలు తెలుగులో బుకాయింపు.

అఫ్గానిస్తాన్‌నే చూడండి. అక్కడి తిరుగుబాటుదారులకు సాయం చేసే రహస్య ఉత్తర్వుపై అమెరికా అధ్యక్షుడు కార్టర్ 1979 జులై 3న సంతకం చేశారు. అది ఆయుధాలు లేని చిన్న సాయం. డిసెంబరులో సోవియట్ సైన్యం దిగాక ఆయుధాలు మొదలయ్యాయి. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వాటిని చైనా, ఈజిప్టుల నుంచి కొనేది. అవి సోవియట్ నమూనావి. సోవియట్ సైనికుడికి తగిలే తూటా కూడా స్వదేశీ నమూనాదే కావాలన్నంత శ్రద్ధ!

ఖర్చులో అమెరికా ఒక డాలరు పెడితే సౌదీ అరేబియా మరో డాలరు పెట్టింది.

అయితే బుకాయించాలంటే చేతికి మట్టి అంటకూడదు, కాబట్టి మధ్యవర్తి కావాలి. ఆ పాత్ర పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐది. ఏ వర్గానికి ఎంత ఇవ్వాలో తేల్చేది అదే. పాకిస్తాన్‌లోని పెషావర్ కేంద్రంగా ఏడు ముజాహిదీన్ (అఫ్గాన్ తిరుగుబాటుదారుల) పార్టీలుంటే అన్నిటికన్నా పెద్ద వాటా గుల్బుద్దీన్ హిక్మత్యార్ పార్టీకి దక్కింది. వడ్డించేవాడు మనవాడైతే ఏ పంక్తిలో కూర్చుంటేనేం? విందు ఖర్చు పెట్టుకున్నవాడికి మాత్రం విస్తళ్ల లెక్క తెలియదు. 1985లో హిక్మత్యార్ అమెరికా దాకా వెళ్లి కూడా, అధ్యక్షుడు రీగన్‌ను కలవనన్నారు.

1986లో అమెరికా బుకాయింపు మానేసి స్టింగర్లు పంపింది. భుజం మీద నుంచి పేల్చితే విమానం ఇంజను వేడిని పట్టుకుని వెంటబడే క్షిపణి ఇది. అచ్చంగా అమెరికా తయారీ. ఈ యుద్ధంలో అది సెప్టెంబరు నెలాఖరులో జలాలాబాద్ విమానాశ్రయం దగ్గర తొలిసారి పేలింది. యుద్ధాన్ని గెలిపించింది స్టింగరేనన్న మాట బాగా ప్రచారమైంది. కానీ వెనక్కి వెళ్లాలన్న ఆలోచనను సోవియట్ నేత గోర్బచెవ్ అంతకు ముందు ఏడాదే పార్టీ అత్యున్నత మండలి పొలిట్‌బ్యూరో ముందు పెట్టారు. ఆయుధానికి పేరు రావడం సులభం. పొలిట్‌బ్యూరో చర్చలకు ఫొటోలుండవు.

1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ దళాలు వెళ్లిపోయాయి. ఇచ్చిన స్టింగర్లు 2,000కు పైనే. మిగిలిపోయినవి వందల్లో. అవి ఏ ప్రయాణికుల విమానం మీద పేలుతాయోనన్న భయంతో సీఐఏ తానే కొనుగోలుదారుగా మారింది. ఉచితంగా ఇచ్చిన క్షిపణికి లక్ష డాలర్ల వరకు, ఒక్కోసారి అంతకు మించి చెల్లించింది. సంతలో కొనేవాడి తొందర తెలిశాక ధర తగ్గించే అమాయకుడు ఎవడూ ఉండడు. అన్నీ తిరిగి రాలేదు.

మనుషులను తిరిగి కొనే పథకం మాత్రం ఎవరూ పెట్టలేదు. 2003 ఫిబ్రవరిలో అమెరికా హిక్మత్యార్‌ను ఉగ్రవాదిగా ప్రకటించింది. కాబూల్ ప్రభుత్వంతో రాజీపడ్డాక, 2017 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి ఆయన పేరును ఆంక్షల జాబితా నుంచి తీసేసింది. మే నెలలో ఆయన వాహనాల బారుతో కాబూల్‌లో అడుగుపెట్టారు.