కొత్త కంప్యూటర్‌లో పాత పేజ్‌మేకర్

తెలుగు నాట డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001లో విడుదలైన 7.0 దాని చివరి వెర్షన్. విండోస్ ఎక్స్‌పీ వచ్చిందీ ఆ ఏడాదే. ఆ జంట మీద చేసిన పని ఇప్పటికీ ఎన్నో పాత డిస్కుల్లో ఉంది.

ఆ పాత యంత్రం పాడైతే, కొత్తదానిలో ఎక్స్‌పీ ఎక్కించడం దాదాపు అసాధ్యం. కొత్త మదర్‌బోర్డులకు, ఎన్‌వీఎంఈ డిస్కులకు ఆ కాలపు డ్రైవర్లు లేవు. పోనీ విండోస్ 11లోనే పాత ప్రోగ్రామును నడుపుదామంటే, అది 64-బిట్‌లో మాత్రమే దొరుకుతుంది; 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాములను నడపదు. 1990ల నాటి కొన్ని ప్రోగ్రాములు 32-బిట్‌వే అయినా, వాటి సెటప్ ఫైలు 16-బిట్‌ది. అందుకే అలాంటివాటి ఇన్‌స్టలేషన్ మొదలు కాకుండానే ఆగిపోతుంది.

దీనికి నమ్మకమైన దారి వర్చువల్ మెషిన్. వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాము కొత్త కంప్యూటర్ లోపలే ఒక పాతకాలపు కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. ఎక్స్‌పీకి అక్కడ తనకు తెలిసిన డిస్కు, తనకు తెలిసిన నెట్‌వర్క్ కార్డు కనిపిస్తాయి. బయట ఉన్నది కొత్త యంత్రమని దానికి తెలియనే తెలియదు. దాని డిస్కు మొత్తం నిజానికి ఒక పెద్ద ఫైలు. ఆ ఫైలును కాపీ చేసి దాచుకుంటే, రేపు మరో కంప్యూటర్ కొన్నా సెటప్ మళ్లీ చేయనక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఎక్స్‌పీకి భద్రతా మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది కనుక దానికి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. ఫైళ్లు అటూ ఇటూ మార్చడానికి షేర్డ్ ఫోల్డర్ చాలు. కొత్త ప్రింటర్‌కు ఎక్స్‌పీ డ్రైవర్ లేకపోతే, లోపల పీడీఎఫ్ చేసి బయటి నుంచి ప్రింటు తీసుకోవచ్చు. ఇక కొన్ని ప్రోగ్రాములకు లైసెన్సు తాళంగా తగిలించే డాంగిల్: యూఎస్‌బీది అయితే వర్చువల్ మెషిన్‌కు అప్పగించవచ్చు, ప్రింటర్ పోర్టుకు తగిలించే పాతరకమైతే చిక్కే.

ఇంతా చేసినా వర్చువల్ మెషిన్ ప్రోగ్రామును కాపాడుతుంది తప్ప అక్షరాన్ని కాదు. ఆ తరం ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద తెలుగు రూపాలను కూర్చాయి. ఫాంటు లేనిచోట ఆ పుస్తకమంతా అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది, వెతికితే ఒక్క తెలుగు మాటా దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత చోటు ఉంది. అందుకే వర్చువల్ మెషిన్‌ను శాశ్వత నివాసంగా కాక మజిలీగా చూడాలి: పాత ఫైళ్లను అక్కడ తెరిచి, పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు సరిచూసుకోవాలి. పాత డిస్కు తిరుగుతుండగానే ఈ పని మొదలుపెట్టండి.