పాత ఖాతాకే తొలి సాయం

2020 మార్చిలో కోవిడ్ వ్యాధి మూలంగా అమెరికాలో దుకాణాలు, క్షౌరశాలలు, భోజనశాలలు మూతపడినప్పుడు, చిన్న వ్యాపారాలను నిలబెట్టుటకు అక్కడి ప్రభుత్వం 'పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం' అనే ఋణపథకాన్ని ప్రవేశపెట్టింది. నల్లజాతి వ్యాపారుల విషయంలో అది నడిచిన తీరు బ్యాంకుతో లావాదేవీలు గల మన పాఠకులు తెలుసుకోదగినది.

పథకం చూచుటకు సరళమైనదే. సిబ్బందికి నెలకు సగటున చెల్లించే జీతాలకు రెండున్నర రెట్లు ఋణం. వడ్డీ సాలీనా 1 శాతం. తనఖా లేదు. అధికభాగం జీతాలకే వినియోగించినట్లు లెక్క చూపితే అసలు సైతం మాఫీ. హామీ ప్రభుత్వానిది, పంపిణీ బ్యాంకులది. చిక్కంతా ఈ చివరి మాటలోనే ఉన్నది.

ఏప్రిల్ 3న దరఖాస్తులు మొదలైనవి. 34,900 కోట్ల డాలర్ల నిధి ఏప్రిల్ 16 నాటికే హరించిపోయింది. పలు పెద్ద బ్యాంకులు తమ పాత ఖాతాదారుల దరఖాస్తులనే ముందుగా చేపట్టినవి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు నివేదిక ప్రకారం, సిబ్బంది గల నల్లజాతి వ్యాపారాలలో బ్యాంకుతో ఇటీవలి ఋణసంబంధం ఉన్నవి నాలుగింట ఒక వంతుకు లోపే. ఒంటరిగా వ్యాపారం చేసుకొనేవారిలో పదింట ఒకటి కూడా లేవు. నల్లజాతి వ్యాపారులలో అత్యధికులు ఇట్టి ఒంటరి వ్యాపారులే. వారికి దరఖాస్తు అవకాశం కలిగినదే ఏప్రిల్ 10న; అనగా వారం తిరగకమునుపే నిధి ఖాళీ. ఆ ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల నడుమ నడుస్తున్న నల్లజాతి వ్యాపారాలు 41 శాతం తగ్గగా, తెల్లవారివి 17 శాతం తగ్గినవి.

దిద్దుబాట్లు తరువాత వచ్చినవి. రెండవ విడత 31,000 కోట్ల డాలర్లలో 6,000 కోట్లు చిన్న బ్యాంకులు, ఋణసంఘాల వంటి వాటికి ప్రత్యేకించారు. 2021 ఫిబ్రవరి 24 నుండి పద్నాలుగు రోజులు ఇరువది మందికి లోపు సిబ్బంది గల సంస్థలకే దరఖాస్తు అవకాశమిచ్చారు. అన్నిటికన్న మేలైన సవరణ, నా దృష్టిలో, ఆ మార్చిలో వచ్చినది. అంతవరకు ఒంటరి వ్యాపారికి నికరలాభంపైనే ఋణం లెక్కించేవారు. ఖర్చులన్నీ పోను పన్ను పత్రంలో లాభం చూపనివానికి ఋణమూ సున్నయే. స్థూల ఆదాయాన్ని ఆధారం చేయగానే క్షురకునికి, టాక్సీ నడిపేవానికి లెక్క కుదిరింది. అయితే అప్పటికే స్వల్పమొత్తం మంజూరైనవారికి అది వర్తించలేదు.

మన దేశంలో 2020 మే నెలలో వచ్చిన అత్యవసర ఋణహామీ పథకం సైతం తొలుత 29-2-2020 నాటి ఋణనిల్వలో 20 శాతం మేరకే అదనపు ఋణమిచ్చింది. గడువు తప్పక చెల్లించే డీలరుకు అది నిజంగా ఆదుకున్నది. వడ్డీ వ్యాపారి సొమ్ముతో ఎరువుల కొట్టు నడిపిన పొరుగువానికి మాత్రం 20 శాతం లెక్కించుటకు బ్యాంకులో నిల్వయే లేదు. ఆ పథకం 2023 మార్చి 31తో ముగిసింది.